ప్రపంచ జనాభాలో ఒక దేశం వాటా: లెక్క ఎలా కట్టాలి, ఎలా చదవాలి

1950లో చైనా జనాభా 54.4 కోట్లు. 2024లో 141.9 కోట్లు. అంటే 87 కోట్ల మందికి పైగా పెరిగారు. అదే కాలంలో ప్రపంచ జనాభాలో చైనా వాటా మాత్రం 21.8 శాతం నుంచి 17.4 శాతానికి తగ్గింది. జనం రెండున్నర రెట్లు దాటినా వాటా ఎందుకు తగ్గిందో చెప్పగలిగితే ఈ విషయంలో సగం వచ్చేసినట్టే.

నేను డిగ్రీ విద్యార్థులకు స్టాటిస్టిక్స్ చెబుతాను. ఏటా వాళ్ల చేత ఈ లెక్క చేయిస్తాను: దేశ జనాభాను ప్రపంచ జనాభాతో భాగించి వందతో గుణిస్తే వచ్చేదే వాటా. భాగహారం అందరికీ వస్తుంది. ఏ అంకెను తీసుకోవాలి, వచ్చిన జవాబుకు అర్థం ఏమిటి అనే రెండు చోట్లే చిక్కుకుంటారు. దేశాల వాటాల గురించి పత్రికల్లో, ఫోన్లలో తిరిగే మాటల్లో చాలా భాగం భయపెట్టడానికో, గొప్ప చెప్పుకోవడానికో వాడేవే. అందుకే ఎవరికి వాళ్లు ఈ లెక్క సొంతంగా చేసి చూసుకోవాలని నా కోరిక. కావలసింది ఒక ఎక్సెల్ షీటు, ఒక సాయంత్రం.

అంకెలన్నీ ఒకే చోటు నుంచి

ఐక్యరాజ్యసమితి జనాభా విభాగం దాదాపు రెండేళ్లకోసారి వరల్డ్ పాపులేషన్ ప్రాస్పెక్ట్స్ పేరుతో అన్ని దేశాల లెక్కలూ విడుదల చేస్తుంది. 1950 నుంచి 2100 దాకా ఏటికేడు అంకెలు ఉంటాయి. ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. 2024 విడుదలలో 2023 దాకా ఉన్నవి గడిచిన కాలపు లెక్కలు, 2024 నుంచి ఉన్నవి ఆ తర్వాతి కాలపు అంచనాలు. ఈ వ్యాసంలో నేను వేరే చెప్పనంతవరకూ అంకెలు ఆ విడుదలవే.

ఒకే విడుదలలోని అంకెలు మాత్రమే వాడాలనేది నేను అస్సలు సడలించని నియమం. దీనికి కారణం ఉంది. కొత్త సమాచారం వచ్చినప్పుడు ఐక్యరాజ్యసమితి వాళ్లు గడిచిన కాలపు లెక్కల్ని కూడా సవరిస్తారు. 1950లో భారతదేశ జనాభా 2019 విడుదలలో 37.6 కోట్లు, 2024 విడుదలలో 34.6 కోట్లు. వాటాగా చూస్తే మొదటి దాని ప్రకారం 14.8 శాతం, రెండో దాని ప్రకారం 13.9 శాతం. 1950 అంకెను పాత ఫైలు నుంచి, 2024 అంకెను కొత్త ఫైలు నుంచి తెచ్చుకుంటే భారత్ వాటా 3 పాయింట్లు (14.8 నుంచి 17.8 శాతానికి) పెరిగినట్టు కనిపిస్తుంది. రెండూ కొత్త ఫైలు నుంచే తీసుకుంటే దాదాపు 4 పాయింట్లు. ఆ తేడా మనుషుల వల్ల వచ్చింది కాదు, ఫైళ్లు కలపడం వల్ల వచ్చింది.

లవం ఆ దేశ ప్రభుత్వ జనగణన నుంచి, హారం ఐక్యరాజ్యసమితి నుంచి తీసుకోవడం కూడా ఇలాంటిదే. జనగణన ఒక్కో దేశంలో ఒక్కో తేదీన జరుగుతుంది. కొన్ని దేశాల్లో ఎంతోకాలంగా జరగనే లేదు. నైజీరియాలో చివరి జనగణన 2006లో, కాంగో ప్రజాస్వామ్య గణతంత్రంలో 1984లో, అఫ్ఘానిస్తాన్‌లో 1979లో, లెబనాన్‌లో 1932లో. ఈ దేశాల అంకెలు ఎక్కడ కనిపించినా అవి సర్వేల మీద, జనన మరణాల అంచనాల మీద కట్టినవే. కాబట్టి వాటి వాటాను రెండు దశాంశాల దాకా రాస్తే లేని కచ్చితత్వాన్ని ఉన్నట్టు చూపించడం అవుతుంది. ఒక దశాంశం చాలు.

భాగించే ముందు ఫైలు చూసుకోండి

ఫైలులో జనాభా వేలల్లో ఉంటుంది. 14,50,000 అని కనిపిస్తే అది 145 కోట్లు. కోట్లలోకి మార్చుకోవాలంటే 10,000తో భాగించాలి. ఇంగ్లిష్ వార్తల్లో కనిపించే ఒక మిలియన్ పది లక్షలు, ఒక బిలియన్ వంద కోట్లు. ఈ మార్పిడి మొదట్లోనే చేసి పెట్టుకుంటే తర్వాత సున్నాల టెన్షన్ ఉండదు.

అడ్డు వరుసల్లో దేశాలతో పాటు ఖండాలు, ఉపఖండాలు, ఆదాయాన్ని బట్టి కట్టిన గుంపులు కూడా ఉంటాయి. నిలువు వరుస మొత్తాన్ని కూడితే ఒక్కో మనిషిని చాలాసార్లు లెక్కపెట్టినట్టు అవుతుంది. ప్రపంచం అనే వరుస వాళ్లే ఇస్తారు, హారంగా దాన్నే వాడండి. అన్ని దేశాల వాటాలూ కలిపితే వంద రావాలి. రాకపోతే ఏదో ఒక గుంపు దేశాల మధ్యలో చేరిందన్నమాట. జనవరి 1 నాటి అంకె, జూలై 1 నాటి అంకె రెండూ ఉంటాయి. సాధారణంగా వాడేది జూలై 1ది.

నా షీటులో మొదటి నిలువు వరుస సంవత్సరం, రెండోది ప్రపంచం, మూడో దాని నుంచి దేశాలు. పక్క షీటులో వాటాలు. ఫార్ములా రాసేటప్పుడు ప్రపంచ జనాభా ఉన్న నిలువు వరుస అక్షరానికి ముందు డాలర్ గుర్తు పెడితే, ఫార్ములాను పక్కకు లాగినా హారం కదలదు.

చైనా అంకెలో హాంకాంగ్, మకావ్, తైవాన్ కలవవు. ఫైలులో వాటికి వేరే వరుసలున్నాయి. మూడూ కలిపితే సుమారు 3 కోట్లు, అంటే దాదాపు 0.4 పాయింటు. కలిపినా కలపకపోయినా మొదటి నుంచి చివరి దాకా ఒకే పద్ధతి పాటించి, ఆ సంగతి గ్రాఫు కింద రాయండి.

ఎన్ని రెట్లు అయింది?

వాటాల పట్టిక చేతికి వచ్చాక నేను మొదట చేయించేది ఈ పరీక్ష. 1950లో ప్రపంచ జనాభా 249.3 కోట్లు, 2024లో 816.2 కోట్లు. అంటే 3.27 రెట్లు. ఈ కాలంలో ఏ దేశమైనా 3.27 రెట్లకు మించి పెరిగితే దాని వాటా పెరుగుతుంది, అంతకు తక్కువైతే తగ్గుతుంది. వేరే దారి లేదు.

చైనా 2.61 రెట్లు అయింది, వాటా తగ్గింది. అమెరికా సుమారు 2.3 రెట్లు అయి, దాదాపు 6 శాతం నుంచి 4.2 శాతానికి వచ్చింది. వలసలతో, పెద్ద కుటుంబాల కాలంతో అంత పెరిగిన దేశం కూడా వాటా కోల్పోయిందంటే చాలామంది విద్యార్థులు నమ్మరు. అందుకే వాళ్ల చేతనే భాగించమంటాను. జపాన్ సుమారు ఒకటిన్నర రెట్లు, 3.4 నుంచి 1.5 శాతానికి. జర్మనీ 1.2 రెట్లు, 2.8 నుంచి 1 శాతానికి. మరోవైపు భారత్ 4.19 రెట్లు, 13.9 నుంచి 17.8 శాతానికి. నైజీరియా 6 రెట్లు దాటి, 1.5 నుంచి 2.9 శాతానికి.

ఖండాల్లో నాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలిగించే జంట యూరప్, ఆఫ్రికా. 1950లో యూరప్ వాటా 22 శాతం, ఆఫ్రికాది 9.1. 2024లో యూరప్ 9.1, ఆఫ్రికా 18.6. యూరప్ జనం ఈ కాలంలో తగ్గలేదు, దాదాపు 55 కోట్ల నుంచి 74 కోట్లు దాటారు.

వాటా మార్పును మాటల్లో రాసేటప్పుడు శాతానికీ, శాతం పాయింటుకూ తేడా పాటించాలి. చైనా వాటా 21.8 నుంచి 17.4కు రావడమంటే 4.4 పాయింట్లు తగ్గడం. 1950 నాటి వాటాతో పోలిస్తే అది 20 శాతం తగ్గుదల. రెండూ నిజమే. ఏది చెబుతున్నారో రాయకపోతే చదివేవాళ్లకు రెండు వేర్వేరు కథలు వినిపిస్తాయి.

కాలాన్ని ముక్కలు చేయండి

మొదటి ఏడు, చివరి ఏడు మాత్రమే చూస్తే మధ్యలో జరిగింది కనబడదు. చైనానే తీసుకోండి. 1950 నుంచి 1990 దాకా ప్రపంచం సుమారు 2.13 రెట్లు, చైనా కూడా ఇంచుమించు అంతే. ఆ నలభై ఏళ్లూ దాని వాటా 22 శాతం అటూఇటూగానే ఉంది. 1990 నుంచి 2024 దాకా ప్రపంచం 1.53 రెట్లు, చైనా 1.23 రెట్లు. కోల్పోయిన వాటా దాదాపు మొత్తం ఈ రెండో ముక్కలోదే.

ఏటికేడు చూస్తే ఇంకా లోతైన సంగతి ఒకటి బయటపడుతుంది. చైనా వాటా 1970ల మధ్యలో గరిష్ఠానికి చేరి అప్పటి నుంచి మెల్లగా దిగడం మొదలుపెట్టింది. చైనా జనసంఖ్య తగ్గడం మొదలైంది 2022లో. అంటే జనం తగ్గడానికి దాదాపు అర్ధ శతాబ్దం ముందే వాటా తగ్గుదల మొదలైంది. రాబోయే మార్పును వాటా ముందే చూపిస్తుందని నేను అనేది ఇందుకే.

ఇక్కడే ఇంకో జాగ్రత్త. చైనా అనగానే ఒకే బిడ్డ విధానం గుర్తొస్తుంది, తగ్గుదలంతా దాని ఖాతాలో వేసేస్తారు. ఆ విధానం 1980లో వచ్చింది. 1970లో ఒక్కో మహిళకు దాదాపు 6గా ఉన్న సంతాన రేటు ఆ దశాబ్దం ముగిసేసరికే 3 కన్నా కిందకు దిగింది. గ్రాఫు మీద ఒక సంఘటన తేదీ దగ్గర గీత గీసే ముందు, గీతకు ఎడమవైపు వంపు ఎలా ఉందో చూడండి. చాలాసార్లు మలుపు అంతకు ముందే ఉంటుంది.

భారత్ విషయానికి వస్తే, 2023 ఏప్రిల్‌లో చైనాను దాటి మొదటి స్థానానికి వచ్చిందని ఐక్యరాజ్యసమితి చెప్పినప్పుడు వార్తలు చదివిన వాళ్లకు మన వాటా ఉరుకుతున్నట్టు అనిపించి ఉంటుంది. షీటులో చూస్తే 2010 నుంచి అది 17.8 శాతం దగ్గరే నిలబడి ఉంది. స్థానం మారింది, వాటా కదల్లేదు. ఈ రెండూ వేరని విద్యార్థికి ఒక్కసారి అర్థమైతే, మిగతా దేశాల వార్తల్ని కూడా తనంతట తానే సరిగ్గా చదువుకుంటాడు.

వృద్ధి రేట్ల తేడా

రెట్ల పరీక్షను ఏడాదికి కుదిస్తే ఒక చిన్న సూత్రం వస్తుంది. వాటా పెరిగే రేటు, దేశ వృద్ధి రేటులోంచి ప్రపంచ వృద్ధి రేటు తీసేస్తే వచ్చేదానికి దాదాపు సమానం. దేశం 2.1 శాతం, ప్రపంచం 0.9 శాతం పెరిగితే ఆ దేశం వాటా ఏడాదికి 1.2 శాతం పెరుగుతుంది. 1.2 పాయింట్లు అనుకోకూడదు. వాటా 3 శాతమైతే ఏడాది తర్వాత అది 3.04 దగ్గర ఉంటుంది. ఎన్నాళ్లకు రెట్టింపు అవుతుందో తెలియాలంటే 70ని ఏడాది రేటుతో భాగించడం సుళువైన పద్ధతి. 70ని 1.2తో భాగిస్తే 58. అంటే ఆ తేడా అలాగే కొనసాగితే వాటా రెట్టింపు కావడానికి సుమారు 58 ఏళ్లు. ఏ తేడా కూడా అంతకాలం అలాగే ఉండదు కాబట్టి దీన్ని వేగం కొలవడానికే వాడండి, జోస్యానికి వాడకండి.

ప్రపంచ వృద్ధి రేటు స్థిరంగా ఉండదన్నది గుర్తుంచుకోవాలి. 1960ల్లో అది 2 శాతం దాటింది. ఇప్పుడు ఒక శాతం కన్నా తక్కువ. ఏడాదికి ఒకటిన్నర శాతం పెరిగే దేశం 1965లో అయితే వాటా కోల్పోయేది. ఇప్పుడైతే అదే వేగంతో వాటా పెంచుకుంటుంది. భారత్ వాటా నిలిచిపోవడానికి కారణం కూడా ఈ తీసివేతలోనే దొరుకుతుంది. దాని వృద్ధి రేటు ఇప్పుడు ప్రపంచ రేటుకు ఇంచుమించు సమానం, తేడా సున్నా.

తేడా ఎందుకు వస్తుంది? ముందు మరణాలు తగ్గుతాయి, కొంతకాలానికి జననాలు తగ్గుతాయి. ఆ మధ్యకాలంలో జనం వేగంగా పెరుగుతారు. యూరప్‌కు ఆ కాలం 19వ శతాబ్దంలో వచ్చింది, 1900 నాటికి రష్యాతో కలిపి ప్రపంచంలో నాలుగో వంతు దాకా అక్కడే ఉన్నారు. ఆసియాకు 20వ శతాబ్దం మధ్యలో వచ్చింది. ఆఫ్రికాలో చాలా దేశాలు ఇప్పుడు ఆ దశలో ఉన్నాయి. ఒక దేశం వాటా పెరుగుతోందంటే అక్కడ పిల్లలు బతుకుతున్నారని మొదటి అర్థం. దీన్ని ప్రమాద హెచ్చరికలా చూపించే రాతలు చదివినప్పుడు నాకు బాధేస్తుంది.

వలసలు పెద్ద దేశాల వాటాను తక్కువగా, చిన్న దేశాల వాటాను చాలా ఎక్కువగా కదిలిస్తాయి. 1950లో లక్షలోపు జనం ఉన్న యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో ఇప్పుడు కోటి దాటారు. బల్గేరియా ఇందుకు ఎదురు. 1980ల చివర్లో దాదాపు 90 లక్షలు ఉండేవాళ్లు, 2021 జనగణనలో 65 లక్షలు. అక్కడ జననాలు తగ్గడం, యువత బయటికి వెళ్లిపోవడం రెండూ కలిశాయి.

సరిహద్దులు

నాకు అన్నిటికన్నా ముఖ్యమని తోచే భాగం ఇది.

1989 జనగణనలో సోవియట్ యూనియన్ జనాభా 28.7 కోట్లు, ప్రపంచంలో సుమారు 5.5 శాతం. అందులో రష్యా 14.7 కోట్లు, 2.8 శాతం. 1991 దాకా సోవియట్ యూనియన్ అంకె, ఆ తర్వాత రష్యా అంకె పెట్టి గీత గీస్తే ఒక్క ఏడాదిలో వాటా సగమైపోయినట్టు కనిపిస్తుంది. ఒక్క మనిషి ఇల్లు కదలకుండానే.

ఐక్యరాజ్యసమితి ఫైలు నేటి సరిహద్దుల్నే 1950 దాకా వెనక్కి తీసుకెళుతుంది కాబట్టి అందులో ఈ చిక్కు లేదు. 1950 కన్నా వెనక్కి వెళితేనే సమస్య. ఆర్థిక చరిత్రకారుడు ఆంగస్ మాడిసన్ కట్టిన అంచనాల్లో 1820లో ప్రపంచ జనాభా సుమారు 104 కోట్లు, అందులో భారత్ దాదాపు 21 కోట్లు, అంటే 20 శాతం. నేటి 17.8తో పోల్చి, రెండు శతాబ్దాల్లో భారత్ వాటా తగ్గిందని రాసేస్తారు. ఆ 20 శాతం అవిభక్త భారత్‌ది. నేటి భారత్, పాకిస్తాన్, బంగ్లాదేశ్ కలిపితే 2024లో 187 కోట్లు దాటుతుంది, అంటే 23 శాతం. అదే నేల మీద వాటా పెరిగింది. పాత జనగణనల్లో ఇంకో మెలిక ఉంది. 1931 లెక్కలో బర్మా కూడా ఉండేది, 1937లో అది విడిపోయింది. అందువల్ల 1931, 1941 అంకెల్ని నేరుగా పక్కపక్కన పెట్టకూడదు.

మాడిసన్ అంచనాల్లోనే 1820లో చైనా వాటా మూడో వంతుకు పైగా, 1913లో దాదాపు 24 శాతం. 19వ శతాబ్దం మధ్యలో చైనాలో జరిగిన తైపింగ్ తిరుగుబాటు అనే అంతర్యుద్ధం, కరువులు, ఆ కాలంలోనే యూరప్, అమెరికా ఖండాలు వేగంగా పెరగడం అన్నీ ఆ దిగుడులో ఉన్నాయి. ఇంత పాత అంకెలకు దశాంశాలు వద్దు. మూడో వంతు, నాలుగో వంతు అని మాటల్లో రాస్తే సరిపోతుంది.

ఐర్లండ్ ద్వీపాన్ని కూడా ఒకసారి వేసి చూడమంటాను. 1841 జనగణనలో 82 లక్షలు. ఆ తర్వాత కొన్నేళ్లకే బంగాళాదుంప కరువు, పెద్ద ఎత్తున వలసలు. ఇప్పుడు ఉత్తర ఐర్లండ్‌తో కలిపి 70 లక్షలు దాటారు, ఇంకా 1841 సంఖ్యకు చేరలేదు. ఈలోగా ప్రపంచం ఏడు రెట్ల దాకా పెరిగింది. ప్రతి 1,000 మందిలో సుమారు ఏడుగురు ఉన్న చోట ఇప్పుడు ఒక్కరు కూడా పూర్తిగా లేరు.

గ్రాఫు

రంగుల పొరలు ఒకదాని మీద ఒకటి పేర్చే గ్రాఫు చూడ్డానికి బాగుంటుంది గానీ అడుగు పొర తప్ప మిగతావి చదవడం కష్టం. కింద పొర కదిలితే పైదీ కదులుతుంది. మీకు కావలసిన దేశాన్ని అడుగున పెట్టండి. నాలుగైదు దేశాల్ని పోల్చాలంటే మామూలు గీతలే మేలు. నిలువు అక్షం సున్నా నుంచి మొదలవ్వాలి. 17 నుంచి మొదలుపెడితే అర పాయింటు మార్పు కూడా కొండలా కనిపిస్తుంది. వాటా గ్రాఫు పక్కనే జనసంఖ్య గ్రాఫు కూడా పెట్టడం నాకు అలవాటు. రెండూ కలిపి చూసినవాళ్లు తప్పుగా అర్థం చేసుకోవడం అరుదు.

రాబోయే ఏళ్ల వాటా

2024 విడుదల ప్రకారం ప్రపంచ జనాభా 2080ల మధ్యలో సుమారు 1,030 కోట్లకు చేరి తర్వాత మెల్లగా తగ్గుతుంది. 2100లో భారత్ సుమారు 150 కోట్లు, 14.8 శాతం. చైనా 63 కోట్లు, 6.2 శాతం. ఇవి మీడియం వేరియంట్ అనే మధ్య అంచనాలు. ఒక్కో మహిళకు సగటున అర బిడ్డ ఎక్కువ అనుకుంటే వచ్చేది హై వేరియంట్, అర బిడ్డ తక్కువ అనుకుంటే లో వేరియంట్. ఆ రెండు గీతలూ కూడా గ్రాఫులో గీయండి. 2040 దాకా మూడూ దగ్గరగానే ఉంటాయి, తర్వాత విడిపోతాయి.

ఈ అంచనాలు ఎంత కదులుతాయో తెలియాలంటే పాత విడుదలల్ని వరుసగా పెట్టి చూడాలి. 2100లో నైజీరియా జనాభా 2019 విడుదలలో 73.3 కోట్లు, 2022లో 54.6 కోట్లు, 2024లో 47.7 కోట్లు. వాటాగా 6.7, 5.3, 4.7 శాతం. చైనాది ఇదే వరుసలో 9.8, 7.4, 6.2. ఐదేళ్లలో ఇంత మార్పు వచ్చింది. సంతాన రేటు అనుకున్నదానికన్నా వేగంగా తగ్గుతోందని కొత్త సర్వేలు చూపించడమే ప్రధాన కారణం. ఆ లెక్కలు కట్టినవాళ్లు కొత్త సాక్ష్యాన్ని చూసి సవరించుకున్నారు. అది మంచి పని.

అందుకే 2100 నాటి వాటాను నేను ఎప్పుడూ ఒంటరిగా రాయను. విడుదల సంవత్సరం, వేరియంట్ పేరు పక్కనే ఉంటాయి. కొత్త విడుదల వచ్చినప్పుడు పాత షీటును చెరిపేయకుండా దానికి ఆ ఏడాది పేరు పెట్టి పక్కన ఉంచండి. కొత్త ఫైలు తెరిచి 1950 భారత్, 2100 నైజీరియా, 2100 చైనా ఈ మూడు గడులూ పాతవాటితో పోల్చి చూస్తే ఈసారి ఏం మారిందో పది నిమిషాల్లో తెలిసిపోతుంది.